ఎడమ దిక్కు కిటికీ

మిర్యాలగూడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు జైరాం బృందం ఒక వీడియో నాటిక తీసింది. అది 1993. రాత్రి బడిలో చేరిన ఒక తల్లి కథ. పెళ్లిళ్లకు వీడియో తీసే కాటయ్య తన కెమెరాతో, ఒక ఫోకస్ లైటుతో వస్తానన్నాడు. సెట్టు, లైటింగు జైరాం చూసుకోవాలి. తల్లి వేషం మాడుగులపల్లి నుంచి వచ్చే కమలది. ఆమె డైలాగు చదివితే తరగతి మొత్తం చెవులప్పగించి వినేది మరి.

కమల ఎడమ చెంప మీద తెల్లమచ్చ ఉండేది. ఎవరితో మాట్లాడినా ఓణీ కొంగు అటువైపు లాక్కునేది.

షూటింగుకు ముందు రోజు జైరాం ఖాళీ తరగతి గదిలో నేల మీద సుద్దతో ఇల్లు గీశాడు. ఇక్కడ పొయ్యి, అక్కడ మంచం, కుడివైపు అట్టతో చేసే కిటికీ. ఆ కిటికీ వెనక తెల్లపంచె కట్టి, దాని వెనక లైటు పెడితే ఎండ పడ్డట్టు ఉంటుంది.

కమల వచ్చి చూసింది. "మొన్న కిటికీ ఎడమ దిక్కు అన్నవ్ గదా. ఎందుకు మార్చినవ్?"

"ఊకెనే."

"నిజం చెప్పు జైరాం."

అతను తల వంచుకున్నాడు. "ఎడమ చెంప నీడల ఉంటే నీకు పరేషాన్ ఉండదని."

కమల బెంచీ మీద కూర్చుండిపోయింది. మనసు చివుక్కుమంది. కానీ తన కోసం ఎవరైనా ఇంతగా ఆలోచించడం అదే మొదటిసారి.

"తప్పయితే చెరిపేస్త," అన్నాడు జైరాం.

ఆమె లేచి, సుద్దతో గీసిన ఇంట్లో బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పుస్తకాన్ని పలకలా పెట్టుకుని రాస్తున్నట్టు వేలు కదిపింది.

"వెలుగు కుడి దిక్కు నుంచొస్తే నా చెయ్యి నీడ పలక మీద పడ్తది. ఆ తల్లి రాసే అక్షరాలే కనపడకపోతే ఇగ నాటికెందుకు? ఎడమ దిక్కే పెట్టు."

"నీకు..."

"భయమైతది. అయినా పెట్టు."

మర్నాడు లైటు వెలగగానే ఆమె చెయ్యి కొంగు మీదికి వెళ్లింది. కాటయ్య కెమెరా ఆపాడు. రెండోసారీ అంతే. జైరాం కిటికీ వెలుగు తిరిగి ఆమె మీద పడేలా థర్మోకోల్ అట్ట పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మమ్మల్ని సూడకు కమలా. పలకనే సూడు."

ఆమె 'అ' దిద్దింది. ఒత్తి, వంకరగా, మళ్లీ మళ్లీ దిద్దింది. కొంగు జారినా చూసుకోలేదు.

నాటికను కాలేజీ హాల్లో టీవీలో వేసినప్పుడు కమల తల్లి సోమమ్మ కూడా వచ్చింది. తెర మీద కూతురి ముఖం కనపడగానే "అయ్యో, మచ్చ" అని గొణిగింది. ఆ తర్వాత తెర మీంచి చూపు తిప్పలేదు. అయిపోయాక బయట కమల భయంభయంగా అడిగింది. "కోపమొచ్చిందా అమ్మా?"

"లే బిడ్డా. గా తల్లికి అక్షరం వస్తదా రాదా అనే సూసిన." సోమమ్మ కళ్లు తుడుచుకుని, పక్కనే నిలబడ్డ జైరాం వైపు తిరిగింది. "నువ్వేనా కొడుకా, గా ఇల్లు కట్టింది? ఐతారం మా ఇంటికి రా, బువ్వ తిందువు."

జైరాం సిగ్గుపడుతూనే వస్తానన్నాడు. ఆదివారం నిజంగానే వెళ్లాడు.