పాకాల సందులు తెలిసిన జీపీఎస్

పోలాండులో లారీ తోలే పనికి పోతా, మునిచంద్ర తిరపతిలో చవగ్గా ఒక పాత జీపీఎస్ కొనినాడు. ఆడ ఫోన్లో నెట్టు శానా ఖరీదని ఎవరో చెప్పినారు. పోయేముందు దాన్ని బంగారుపాళ్యం నుంచి పాకాల దాకా తిప్పి చూసినాడు. ఒక్క మలుపూ తప్పలేదు.

"ఆడి దోవలు తెలుసునా దీనికి?" అనింది పెండ్లాం అమల.

"పాకాల సందులే తెలిసినదానికి అంత పెద్ద రోడ్లు తెలీవా మే?"

పోలాండులో మొదటి లోడు. పొద్దు గుంకేలోగా చేర్చకుంటే పని లేదన్నారు. జీపీఎస్ తెల్లటి తెరమీద బాణం గుర్తు ఒక్కటే నడస్తా ఉండాది. అందులో ఉండేది మన దేశం మ్యాపు ఒక్కటే. లారీ ఆపి, అలవాటుగా అద్దం దించినాడు. దోవ అడిగేదానికి టీ అంగడి లేదు, మేకలు కాసే మనిషీ లేడు. పొద్దు గుంకినా అద్దం ఎత్తలేదు.