తంగేడు పూల కషాయం

దిండుక్కల్ తాళాల వీధిలో తాళాలు చేసే తవసికి షుగరు జబ్బు పారిపోయిందట. తంగేడు పూల కషాయానికి ఊడ్చిపెట్టుకుపోయిందట. కుళాయి కింద బిందె నిండేలోగా ఎదురింటి పేచియమ్మ ఈ మాటను పదిళ్లకు పంచేసింది. మూడొందలు చూపించే మిషను ఇప్పుడు నూటపది దాటడం లేదట. ఇన్సులిన్ సూదిమందు వేసుకున్న రోజునల్లా కళ్లు తిరిగి పడుతున్నాడని, ఆ సూదులు కూడా పారేశాడట.

తవసి భార్య సొర్ణం మాత్రం ఈ మాటకు మురవలేదు. ఆమె అత్త, తవసి తల్లి, కూడా ఇలాగే బాగుపడింది. షుగరు దిగిందని మారియమ్మకు పొంగలి పెట్టారు. అప్పుడూ దొడ్లో మూత్రం పోసిన చోట నురుగు ఇప్పుడు తవసిది నిలుస్తున్నట్టే నిలిచేది, రెండు చెంబుల నీళ్లు కొట్టినా విరిగేది కాదు. పొంగలి పెట్టిన మూడో వారానికి ముసలామె పోయింది.

ఇప్పుడు పొద్దున్నే మంచం మీద లేచి కూర్చునే మొగుణ్ణి సొర్ణం గుమ్మంలో ఆగి చూస్తుంది. రెప్పలు ఉబ్బి, బుగ్గలు నిండి, అచ్చం అత్తే లేచి కూర్చున్నట్టుంటాడు. ఆకురాయి పక్కన పెట్టి మాటిమాటికీ ఒళ్లు గోక్కుంటాడు. అన్నం ఇనుము రుచి వస్తోందంటాడు. తాళాలు రాకేవాడి నాలుకకు ఇంకేం రుచి తెలుస్తుందని తనే నవ్వుతాడు.

పరీక్షకు రమ్మంటే కస్సుమన్నాడు.

"రోగం లేనోడికి పరీక్షేంటే? నీ దిష్టి తగిలే మళ్లీ వచ్చేట్టుంది."

సొర్ణం అబద్ధమాడింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆ కషాయం సంగతి విని, ఎలా కాచాలో కనుక్కోవాలంటోందని చెప్పింది. అంతే, తవసి ఇస్త్రీ చొక్కా తొడిగి, ఎండిన పూలు సంచీడు పట్టుకుని ముందు నడిచాడు. అక్కడ నర్సు రక్తం, మూత్రం అడిగితే కాదనలేదు. తన మందు గొప్ప కాగితమ్మీదికే ఎక్కుతుందనుకున్నాడు.

మధ్యాహ్నానికి కాగితాలొచ్చాయి. షుగరు నూటెనిమిది. తవసి పెళ్లాం వంక చూసి మీసం దువ్వాడు. సంచీ బల్ల మీద పెట్టాడు.

"గుప్పెడు పూలు, రెండు చెంబుల నీళ్లు. సగమయ్యేదాకా మరగాల. రాసుకోండమ్మా."

డాక్టరమ్మ సంచీ పక్కకు జరిపింది.

"షుగరు తగ్గింది నీ పూలకి కాదన్నా. ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ను ఖర్చు చేసే కిడ్నీలు రెండూ చచ్చుబడ్డాయి. అది ఖర్చు కాక ఒంట్లోనే నిలిచిపోతోంది. అదే షుగర్ను దించేస్తోంది."