రెండు గంటలకోసారి దగ్గు

పడవ అంచు మీంచి జారిపడి వెన్నుపూస విరిగిన వీరాంజనేయులుకు బెజవాడలో ఆపరేషన్ చేశారు. సొంతూరు గిలకలదిండి తీసుకొచ్చాక, గండం గడిచిందనుకుంది అతని భార్య పున్నమ్మ. మూడో రోజుకే ఒళ్లు కాలిపోయింది. ఊపిరి చాలక మాటలు ముక్కలుగా వస్తుంటే, కారు మాట్లాడుకుని బందరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది. అది 2003 ఆగస్టు.

ఎక్స్‌రే చూసిన డాక్టరు, వెన్ను బాగానే ఉందనీ పాడైంది ఊపిరితిత్తనీ చెప్పాడు. నొప్పికి భయపడి అతను నిండుగా గాలి పీల్చలేదు, దగ్గలేదు, కదల్లేదు. కుడివైపు కిందిభాగం ముడుచుకుపోయి, కఫం నిలిచి నిమ్ము చేసింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, మందులు నరానికి ఎక్కించారు. ఇవి సగమేననీ, మిగతా సగం మీ ఇద్దరి చేతుల్లో ఉందనీ డాక్టరు పున్నమ్మతో అన్నాడు.

ఆ సగం ఏమిటో నర్సు మార్తమ్మ చూపించింది. ఆమె రోజూ దివిసీమ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నడుము మెలిపడకుండా మనిషిని దుంగలా ఒక్కసారే పక్కకు దొర్లించాలి. కుట్ల జోలికి పోకుండా, చెయ్యి దొప్పలా చేసి పక్కటెముకల మీద తట్టాలి. తర్వాత దిండు గుండెలకు హత్తుకోమని దగ్గించాలి. రెండు గంటలకోసారి ఇదంతా చెయ్యాలి. మధ్యలో, మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా గొట్టంతో గాలి లాగి బంతులు పైకి లేపాలి. మొదటిరోజు ఒక్క బంతీ సగానికి కూడా లేవలేదు.

దగ్గినప్పుడల్లా అతని కళ్ల వెంట నీళ్లు కారేవి. నా ప్రాణం తియ్యడానికే దాపురించావని ఒకసారి తిట్టాడు. పున్నమ్మ అతని మూతి తుడిచి, మళ్లీ దిండు అందించింది. నాలుగు రోజులకు ఆమె భుజాలు పట్టేశాయి. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది.

ఐదో రోజు మధ్యాహ్నం మంచం పక్కన నేల మీద చేరగిలబడింది. కళ్లు తెరిచేసరికి నాలుగు గంటలు గడిచాయి. ఈలోగా మార్తమ్మ వచ్చి అడిగితే, అంతా అయిందనీ కఫం కూడా పడిందనీ అతను చెప్పి పంపాడు. సాయంత్రానికి జ్వరం ఎగబాకింది, పెదాలు నల్లబడ్డాయి. డాక్టరు ఆక్సిజన్ పెంచి, ఇలాగే ఉంటే వెంటిలేటర్ కోసం బెజవాడ పంపాల్సి వస్తుందన్నాడు.

“ఎందుకు అబద్ధమాడావయ్యా?” అని అడిగింది పున్నమ్మ.

అతను ఊపిరి కూడదీసుకున్నాడు. “నోరు తెరుచుకుని నిద్రపోతన్నావు. లేపబుద్ధి కాలేదు.”

ఆమెకు కోపమూ ఏడుపూ రెండూ వచ్చాయి. దేనికీ ఓపిక లేకపోయింది.

“నువ్వు పోతే, ఆ తర్వాత నాకు నిద్ర పట్టుద్దనుకున్నావా?”

అతను తనే దిండు లాక్కుని గుండెలకు అదుముకున్నాడు. మార్తమ్మ, పున్నమ్మ కలిసి పక్కకు తిప్పి తట్టారు. ఎనిమిదో, తొమ్మిదో దగ్గుకు తుప్పురంగు కఫం జిగురుముద్దలా వచ్చి పడింది. మార్తమ్మ దాన్ని చూసి, “ఇంకొక్కసారి బాబాయ్” అంది. అతను దగ్గాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం వంతు మార్తమ్మ తీసుకుంది. ఆ రెండు మూడు గంటలూ పున్నమ్మను వరండాలో బల్ల మీద పడుకోబెట్టేది. బెజవాడ వెళ్లే అవసరం రాలేదు. పదో రోజుకు ఆక్సిజన్ తీసేశారు. ఇంటికి పంపేనాటికి రెండు బంతులు లేచాయి. మూడోది లేవలేదు.

వీరాంజనేయులు మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. నడుముకు బెల్టు కట్టుకుని ఇంటి ముందు వలలు బాగుచేసేవాడు. కాస్త జలుబు చేస్తే చాలు, పున్నమ్మ చెప్పకుండానే పక్కకు ఒత్తిగిలేవాడు. ఆమె చేతిలో పని అక్కడే పెట్టి వచ్చి కూర్చునేది.