హోసూరు ఎందుకు చౌక

"హోసూరే చౌకప్పా! లెక్కలో తేలిపాయ!"

వీధరుగు మీద నుంచి మొగుడి గొంతు వినబడేసరికి పిల్లమ్మ చంకలో నాలుగో కడవ ఉంది. దించడం మరిచిపోయి అలాగే నిలబడింది. ఆ లెక్క ఎటు తేలుతుందోనని ఆమె పది రోజులుగా నిద్ర లేకుండా కాచుకుని ఉంది మరి.

నాగేశప్పకు బెంగళూరు నూలుమిల్లులో పని. వారమంతా అక్కడ గది, శనివారం బస్సెక్కితే హోసూరు. భార్యాపిల్లలను తెచ్చుకునేవాళ్ళకు మిల్లువాళ్ళు వరసగా కట్టిన లైను ఇళ్ళు ఇస్తామన్నారు. నెలాఖరులోగా పేరివ్వాలి. ప్రతి ఇంటి ముందూ కొళాయి ఉంటుందట. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్లమ్మ మనసు మనసులో లేదు. కొళాయిని ఆమె ఒక్కసారే చూసింది, బెంగళూరులో ఒక పెళ్ళింట్లో. ఇత్తడి పిడి తిప్పితే నీళ్ళు, తిప్పితే బంద్. బావి లేదు, చేద లేదు, మోకు లేదు. ఎనిమిదిసార్లు తిప్పి చూసింది. పెళ్ళివారు నవ్వారు. నవ్వితే నవ్వారు! నీళ్ళు మనిషి దగ్గరికి నడిచి వస్తాయని తెలిసిన రోజు అది. 

ఇక్కడ బావి వీధి చివర. మెట్లు దిగాలి. ఎండాకాలం ఇంటికి ఎనిమిదే కడవలని కట్టు. తగాదా రాకుండా ఏ ఇంటి ఆడది ఆ ఇంటి గోడ మీద కడవకొక బొగ్గుగీత గీసుకోవాలి. పిల్లమ్మ వంటింటి గోడ నిండా పదకొండేళ్ళ గీతలు. అందులో ఒక గీత సగమే ఉంటుంది. ఆ రోజు మెట్ల మీద జారింది. మూడో నెల. అత్త అంజినమ్మ అన్న మాట గీతకంటే లోతుగా దిగింది. "కడవ మోస్తేనే పోయే బిడ్డ యాడ నిలుస్తుందిలే! లేసి నీళ్ళు తే."

కడవ దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పిల్లమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. నాగేశప్ప పక్కన అతని మిల్లు స్నేహితుడు తిమ్మరాజు, మధ్యలో పాత క్యాలెండరు కాగితం. దాని వెనక మూడు వరసలు. బెంగళూరు, క్రిష్ణగిరి, హోసూరు. క్రిష్ణగిరిలో నాగేశప్ప అన్న రామచంద్ర ఉన్నాడు, మా ఇంట్లోనే ఉండండి అంటున్నాడు.

"చదవన్నా, నేనూ వింటాను" అంది తిమ్మరాజుతో.

"నీకేమి తెలుస్తుంది పోవే" అన్నాడు నాగేశప్ప. తిమ్మరాజు మాత్రం చదివాడు. "బెంగళూరులో నీళ్ళు మోసే ఆమెకు నెలకు అయిదు రూపాయలు. గిన్నెలు, గుడ్డలకు ఆరు. రాగులు ఆడించేదానికి రెండు. కట్టెలు ఏడు. పాలు ఎనిమిది. వండి పెట్టే అవ్వకు పది."

"హోసూరులో?"

"నీళ్ళు సున్నా. గిన్నెలు సున్నా. రాగులు సున్నా. కట్టెలు సున్నా. పాలు సున్నా. వంట సున్నా."

"క్రిష్ణగిరిలో?"

"ఆడా సున్నాలేనమ్మా. వదిన మద్దమ్మ ఉంది కదా."

పిల్లమ్మ ద్వారబంధం పట్టుకుంది. నీళ్ళు సున్నానా? తెల్లారక ముందు తిరగలి ముందు కూర్చుంటే భుజం కీలు ఊడిపోయేది సున్నానా? గుట్టెక్కి తెచ్చే కట్టెలమోపు, ఆవు కింద ఎత్తే పేడ, అన్నీ సున్నాలేనా? అప్పుడు ఇంకొకటి తట్టింది.

"అన్నా, బెంగళూరుది ఎవరింటి లెక్క?"

"మా ఇంటిదే."

"మీ ఇంట్లో ఆడది లేదు కదన్నా."

 తిమ్మరాజు భార్య పోయి రెండేళ్ళు. అందుకే ప్రతి పనికీ ఒక మనిషి, ప్రతి మనిషికీ కూలి. ఆడది లేని ఇంటినీ ఆడది ఉన్న ఇంటినీ పక్కపక్కన పెట్టి, ఊళ్ళను కొలిచారు ఈ మహానుభావులు!

"ఆ సున్నాల ఎదురుగా ఉండేవి కూడన్నా."

కూడాడు. "ముప్పై ఎనిమిది."

నాగేశప్ప జీతం డెబ్బై రెండు. అందులో సగానికంటే ఇంకో రెండు రూపాయలు ఎక్కువ. పిల్లమ్మ నివ్వెరపోయింది. క్రిష్ణగిరిలో పుట్టింట ఉన్నప్పుడు కోటకొండ కింద నిలబడి తల వెనక్కి వాల్చి చూసేది, ఇంత పెద్దది ఎట్లా నిలబడిందబ్బా అని. ఇప్పుడు తన చేతులను అట్లా చూసుకుంది. కాయలు కాచిన ఈ రెండు చేతులా? నెలనెలా ఇంతా? పదకొండేళ్ళా? అక్కడ మద్దమ్మవీ ఇంతేనా?

"ఇంట్లో చేసేదానికి గూడా కూలి కడతారా! కలికాలం" అంది అంజినమ్మ లోపలి నుంచి.

"కట్టించుకో, కట్టించుకో! మిల్లు దొరసానివి" అని నాగేశప్ప నవ్వాడు.

పిల్లమ్మ నవ్వలేదు. బస్టాండు దగ్గర ఇడ్లీ ఓటలు నడిపే కేశవప్ప పిండి రుబ్బే మనిషి కోసం వెతుకుతున్నాడు. రోజుకు ముప్పావలా. సోమవారం మొగుడు బస్సెక్కాక ఆమె కొంగు బిగించి అక్కడికి పోయింది. "నీళ్ళో?" అని అత్త అరిచింది. "పక్కింటి అంకప్ప పెండ్లాము మోస్తుంది. నెలకు అయిదు అడిగింది. కట్టెలు అడితిలో కొనల్ల. రాగులు మిషనుకు పంపల్ల. అంతా నీ కొడుకు రాసిన ధరే అత్తా."

మూడు వారాలు. అంజినమ్మ తిట్టింది, ఏడ్చింది, ఒకరోజు కడవ ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడింది. ఆమెను లేపి కూర్చోబెట్టినదీ పిల్లమ్మే. అత్త ఆ రోజు మొదటిసారి గోడ మీది గీతల వంక చాలాసేపు చూసింది.

వచ్చిన రెండు శనివారాలూ అరిచి పోయిన నాగేశప్ప, నెల చివరి శనివారం ఆ కాగితం మళ్ళీ తీశాడు. తల్లి చెప్పిన ఖర్చులు హోసూరు వరసలో రాసుకున్నాడు. సున్నాలు ఒక్కటొక్కటే కొట్టేశాడు. కూడాడు. మళ్ళీ కూడాడు. ఆ పైన తన బెంగళూరు గది బాడుగ వేరే. సోమవారం పేరిచ్చి, మరుసటి శనివారం అరుగు మీద తిమ్మరాజుతో, తానే కనిపెట్టినట్టు చెప్పాడు.

"హోసూరులో బతికేదానికి అయ్యేపని కాదప్పా. ఖర్చెక్కువ. లైను ఇంటికి పేరిచ్చినాను. ఆడైతే నీళ్ళు కొళాయిలో, ఆవును గూడా తోలుకొని పోతాము, కట్టెలు మొదలు తక్కిందంతా ఇది చూసుకుంటుంది, సున్నా."

పిల్లమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతులకు ఇంకా ఓటలు పిండి ఉంది. మొగుడి చేతిలో కాగితం తీసుకుని, బెంగళూరు వరస కింద ఖాళీ మీద వేలు పెట్టింది. పిండి ముద్ర పడింది.

"ఈడ రాయి. ముప్పై ఎనిమిదిలో నీళ్ళు అయిదు తీసేయి. ముప్పై మూడు, పిల్లమ్మకు. లేదంటే బెంగళూరులో ఓటళ్ళు ఇంకా పెద్దవంట."