లింబాద్రి కుర్చీ

పొద్దున ఏడింటికి నాకు మూడు పనులుండేవి. పొయ్యి మీద బియ్యం పెట్టడం, బిడ్డ మేఘనకు జడ వెయ్యడం, చనిపోయిన మా ఆయన లింబాద్రి ఫొటో అద్దం తుడవడం. మొదటి రెండూ ఆలస్యమైనా నడిచేది. అద్దం మీద ఈగ మరక కనిపించిందంటే మాత్రం అత్తమ్మ మంచం మీద నుంచే అందుకునేది.

"నా కొడుకు సచ్చి పెట్టిన బువ్వ తింటున్నవ్. గా గుడ్డ తిప్పనీకి శేతులు రావా?"

తుడిచి, దండం పెట్టి, అప్పుడు జగిత్యాల బస్సెక్కాలి. పదకొండేళ్లు అట్లాగే ఎక్కాను.

లింబాద్రి నీళ్ల శాఖ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. తాగి బండి నడిపి, ఆగి ఉన్న ట్రాక్టర్‌ను గుద్ది చనిపోయాడు. కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం నాకిచ్చారు. "నీ డిగ్రీ కాయితాలు పొయ్యి రాజేయనీకి గూడ పనికిరావు" అని వాటితోనే నా మొహం మీద కొట్టిన మనిషి, చచ్చాక ఆ ఇంట్లో దేవుడయ్యాడు. ఆఫీసులో కూడా నాకు వేరే పేరు పుట్టలేదు. ఎదురుగా లింబాద్రి భార్య, వెనకాల కారుణ్యం మేడం. ఒక్క ఫైలు ఆలస్యమైతే చాలు, "లింబాద్రి ఉంటే గంటల తేల్చేటోడు" అనేవాళ్లు. అతను తేల్చకుండా బీరువా కింద తోసిన ఫైళ్లు నేను రెండేళ్లు దులిపాను. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. కుర్చీ కూడా అతనిదే. దాని ఎడమ చేతి మీద సిగరెట్టుతో కాల్చిన మచ్చ ఉంది. అట్లాంటిదే నా ఎడమ చేతి మీదా ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని రోజూ పనిచేశాను. నాకిచ్చింది సిబ్బంది సెక్షను. చచ్చిపోయినవాళ్ల ఉద్యోగాలు పెళ్లాం పిల్లలకు ఇచ్చే ఫైళ్లన్నీ నా చేతి మీద నుంచే పోయేవి.

బస్సులో చదివి హాస్టల్ వార్డెన్ పరీక్ష రాశాను. ఆఫీసు అనుమతి తీసుకునే రాశాను. సూపరింటెండెంట్ ఖలీల్ సారు ఆ కాగితం మీద సంతకం చేసి, మూడో మనిషికి చెప్పలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అత్తమ్మ ఇనుప పెట్టెలో ఉండేవి. "సదువు శేతుల ఉంటే ఆడిది ఎగురుతది" అని నేను ఉద్యోగంలో చేరిన వారానికే దాచింది. వార్డెన్ ఉద్యోగానికి వాటిని పరిశీలించే రోజున, మా ఆఫీసులో చూపించాలని అత్తమ్మకు చెప్పి తీసుకెళ్లాను. సాయంత్రానికి మళ్లీ పెట్టెలోకి పోయాయి.

అచ్చంపేటలో ఆడపిల్లల హాస్టలు, నాకూ మేఘనకూ ఉండటానికి క్వార్టరు, సోమవారం లోపల ఆ ఒరిజినల్సు చూపించి చేరాలి. ఆ ఆర్డరు వచ్చిన రోజే ఎవరో ఫోన్ చేసి మా మరిది తిరుపతికి శుభాకాంక్షలు చెప్పారట. నేను ఇల్లు చేరేసరికి పెట్టె తాళంచెవి అత్తమ్మ కొంగుకు కట్టి ఉంది.

"పోతవా? పో. నా కొడుకు నౌకరి ఈడ పెట్టి పో."

తిరుపతి నవ్వాడు. "గంతే గదా వదినె. నువ్వు దిగు, నేనెక్కుత. ఇంటి నౌకరి ఇంట్లనే ఉంటది."

నేను కూరగాయలు తరుగుతున్నాను, తరుగుతూనే ఉన్నాను. ఆ ఉద్యోగాన్ని వాళ్లు తాత భూమి లెక్క చూస్తున్నారు. ఒకరి పేరు మీద నుంచి ఇంకొకరి పేరు మీదికి ఎక్కుతుందని వాళ్ల నమ్మకం. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే పెట్టె తెరుచుకోదు.

"గా సెక్షన్ల నువ్వే ఉంటివి గదా, అర్జీ ఎట్ల రాయాల్నో నీకే ఎరుక. రాయి వదినె" అన్నాడు. అతని పేరు మీద రాశాను. తప్పు ఒక్కటి లేకుండా, అందమైన చేతిరాతతో. మర్నాడు అతను టైల్స్ షాపులో పని మానేసి, యజమానిని నాలుగు తిట్లు కూడా తిట్టి వచ్చాడు. అదీ చూశాను.

శుక్రవారం ముగ్గురం ఆఫీసుకు పోయాం. తిరుపతి కొత్త చొక్కాలో ఉన్నాడు. అత్తమ్మ నా సర్టిఫికెట్ల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ముందుగాల ఆమె రాజీనామా సార్ శేతుల పడాలె. అప్పుడిస్త."

ఖలీల్ సారు నా రాజీనామా చదివాడు. వేరే సర్కారు ఉద్యోగంలో చేరడానికి మానుతున్నాను, నా పదకొండేళ్ల సర్వీసు అందులో కలపండి అని రాశాను. "మంచిగ రాసినవమ్మా. గీ లైను లేకుంటే పదకొండేండ్లు గంగల కలుస్తుండె" అని, రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు.

అత్తమ్మ మూట విప్పింది. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ. ఒక్కొక్కటే చూసుకుని సంచిలో పెట్టుకున్నాను. డిగ్రీ కాగితం మూల చిరిగి ఉంది, నా మొహానికి తగిలినప్పటిది.

తిరుపతి తన అర్జీ బల్ల మీద పెట్టాడు. "నేనెప్పుడు జాయిన్ కావాలె సార్?"

"ఏంట్ల?"

"మా అన్న నౌకరిల."

ఖలీల్ సారు అర్జీ చదివి, ఆ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టి నా వంక చూశాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అన్న నౌకరి ఏడున్నది తమ్మీ? సచ్చిపోయినోళ్ల మీద ఇచ్చేది ఒక్కసారే. ఆమెకిచ్చినం, అయిపోయింది. ఆమె వోతే ఆ పోస్టు సర్కారుది. పరీక్ష పెడితే రాసుకో."

అత్తమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. "నీకెరుకేనా? ముందుగాల్నే ఎరుకేనా?"

"పదకొండేండ్ల సంది గదే టైపు చేస్తున్న అత్తమ్మా."

"మరి శెప్పకపోతివి!"

"నువ్వు అడగకపోతివి. పెట్టె తాళం కూడా నేను అడగలే."

తిరుపతి అర్జీని చూస్తూ అట్లాగే నిలబడ్డాడు. కొత్త చొక్కా చంకల కింద తడిసింది. జాలి పడాలనుకుని ప్రయత్నించాను. రాలేదు.

అత్తమ్మ లేచి నా సెక్షనులోకి పోయింది. ఖాళీ కుర్చీని, ఆ సిగరెట్టు మచ్చను రెండు చేతులతో పట్టుకుని, ఆఫీసంతా లేచి వచ్చేలా ఏడ్చింది.

"ఇయ్యాల సచ్చిండురా నా కొడుకు! ఇయ్యాల సచ్చిండు!"

పదకొండేళ్లలో ఆమె అన్న మాటల్లో నేను ఒప్పుకున్నది అదొక్కటే.