గడప దాటని దెబ్బలు

మంగళవారం పొద్దున పదిలోపల ప్రమీలమ్మ ముత్తుకూరు కౌన్సెలింగ్ గది ఊడ్చి, రాలిన సున్నం ఎత్తిపోసి, రెండు కుర్చీలూ గోడకు ఎడంగా వేస్తుంది. కౌన్సెలింగ్‌కు వచ్చే షాహనా ఆ గదిలో చెప్పుకున్న మొగుడి దెబ్బలు అక్కడే ఉండిపోయి గోడల్ని కొడుతుంటాయి మరి. కుక్కర్ మూత దెబ్బ కిటికీ దగ్గర, బెల్టు దెబ్బలు బీరువా వెనక. పోయిన వారం ఒకటి తగిలి ప్రమీలమ్మ మోచెయ్యి వాచింది. ఉప్పు కాపడం పెట్టుకుని మళ్లీ పనిలోకి వచ్చింది.

హైదరాబాదు నుంచి వచ్చిన కౌన్సెలర్ క్యాథరిన్ మేడమ్ మంచి మనిషే, కాదనను. "ఇక్కడ చెప్పింది ఈ గడప దాటదు షాహనా. బయట ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు," అని మొదటిరోజే మాటిచ్చింది. ఆమె చదువుకు అదే ధర్మం. షాహనా వాళ్ల వీధి పద్ధతి వేరు. దెబ్బలు తిన్న ఆడది గడప మీద కూర్చుని, కొట్టినోడి పేరు పెట్టి, వీధంతా వినేటట్టు చెప్పి ఏడుస్తుంది. ఆడవాళ్లు మూగుతారు. వాడు సిగ్గుతో పదిరోజులు చెయ్యెత్తడు. మేడమ్ మాట మీద షాహనా మూడు నెలలుగా నోరు కట్టుకుంది. సంసారం చక్కబడిందనుకున్నారు వీధివాళ్లు. పోర్టులో బొగ్గు లారీ తోలే ఆమె మొగుడు నవాజ్ మాత్రం, అడిగే దిక్కు లేదని రెచ్చిపోయినాడు.

ఆ మంగళవారం షాహనా పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి వచ్చింది. తోడొచ్చిన తల్లి మదార్‌బీని మేడమ్ ఎప్పటిలాగే బయట కూర్చోమంది.

"నా బిడ్డ చచ్చేదాకా గుట్టుగానే పెడతారా మేడమ్? మాకు నలుగురు వింటేనే మందు," అంది మదార్‌బీ.

"అది ఆమె ప్రైవసీ అమ్మా," అని మేడమ్ తలుపు మూసింది.

షాహనా ఇంకా కూర్చోనేలేదు, బయట లారీ ఆగింది. నవాజ్ జాకీ రాడ్‌తో దిగినాడు. అడ్డమొచ్చిన మదార్‌బీని తోసినాడు. ముసలామె తల మెట్టుకు తగిలి నెత్తురు కారింది.

"ఈడికొచ్చి నా మీద చాడీలు చెప్తావా? రా బయటికి, కాళ్లు ఇరగ్గొడతా," అని రాడ్‌తో తలుపును బాదినాడు.

క్యాథరిన్ గడియ వేసి పోలీసులకు ఫోన్ చేసింది.

"తలుపు తియ్యండి మేడమ్," అంది షాహనా. "మా అమ్మ బయటుంది. నేను చెప్పినవన్నీ బయటికి పోవాల."

"నీకు మాటిచ్చాను కదా."

"నాకేగా ఇచ్చింది. నేనే వద్దంటున్నా."

క్యాథరిన్ గడియ తీసింది.

మూడు నెలల దెబ్బలు, షాహనా చెప్పిన వరసలోనే బయటికి పోయినాయి. మొదట నవాజ్‌కు చెంపదెబ్బ. తర్వాత కుక్కర్ మూత, నుదుటి మీద. బెల్టు దెబ్బలు చొక్కాతో పాటు వీపు చీల్చినాయి. పక్కటెముక విరిగిన చప్పుడు టీ బంకు దాకా వినపడింది. జనం మూగినారు. నవాజ్ మట్టిలో బోర్లా పడి, నోటినిండా నెత్తురుతో నీళ్లడిగినాడు.

టీ బంకు నరసయ్య వాణ్ణి లేపబోయినాడు.

"ఉండన్నా," అంది షాహనా. చున్నీ తీసి తల్లి నెత్తికి గట్టిగా కట్టి, గడప మీద కూర్చుంది. "రాత్రి కొట్టింది ఇంకా చెప్పలా."

నరసయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. క్యాథరిన్ వచ్చి ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుంది.

"చెప్పబాక షాహనా," అన్నాడు నవాజ్.

షాహనా గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టింది.