తరుగు

నేను ఒక కాటాను. కంసాలి చేతిలో వణికే చిన్న తక్కెడను కాను, బస్తాలు తూచే ఇనుప కాటాను. కింద మనిషి నిలబడేంత పలక, దాని వెనక ఒక నిలువు కంబం, పైన అంకెలు చెక్కిన ఇత్తడి పట్టీ, ఆ పట్టీ మీద ముందుకూ వెనక్కూ జరిగే గుండు. గుండును ఒక అంకె దగ్గర పెట్టాక, పలక మీది బరువు ఎక్కువైతే పట్టీ లేస్తుంది, తక్కువైతే పడి ఉంటుంది. నాకు వచ్చిన విద్య ఇంతే. మనుషులకు ఇంత చిన్న సంగతి కూడా ఒకరి మొహం చూసి ఒకరు చెప్పుకోవడం చేతకాదు కాబట్టి నన్ను పోత పోయించుకున్నారు.

పుట్టిన చోట ప్రభుత్వం వారు నా నడుముకు సీసపు ముద్ర వేశారు, ఇది నిజమే చెబుతుందని. నిజమే చెప్పేదాన్ని తీసుకెళ్ళి మిర్చి కమీషన్ కొట్టులో పెట్టారు. నా జాతకం చూడండి! కొట్టు యజమాని కోటిలింగం గారు భక్తుడు. పొద్దున్నే నాకు పసుపు పూసి, బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పేవారు. తిప్పాక చెప్పులు విడిచి నా పక్కన నిలబడేవారు. ఆయన కుడికాలి బొటనవేలు గొప్ప విద్వాంసురాలు. రైతు దగ్గర కొనేటప్పుడు పలక కింద దూరి పైకి ఎత్తేది, బయటి షావుకారుకు అమ్మేటప్పుడు పలక పైకెక్కి కిందికి నొక్కేది. అది చాలక, తూకం అయ్యాక మళ్ళీ తరుగు. తేమకు తరుగు, తాలుకాయలకు తరుగు, గోతానికి తరుగు. "ఇదేంది బాబూ" అని రైతు నోరు తెరిస్తే ఆయనది ఒకటే మాట: "ప్రతి బస్తాలోనూ తరుగు ఉంటదయ్యా. నేనేం చేసేది? కాటా చెప్తంది."

నేను చెప్పానట! ఆడలేక మద్దెల ఓడు అన్నవాడైనా నయం, ఆ మద్దెలకు కనీసం బొట్టు పెట్టడు.

ఆ కొట్టులో బస్తాలు మోసే హమాలీలలో యేసోబు అని ఒకడుండేవాడు. ఎత్తరి, ఎద్దు మెడ. బస్తాను మెడ మీద నుంచి దించేటప్పుడు మిగతావాళ్ళు దబ్బున పడేస్తే, వీడు మాత్రం పలక మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టేవాడు. "దానికీ నెప్పే కదరా" అనేవాడు తోటివాళ్ళతో. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు కదా, లాభం అంటారు. "లాభం... రెండూ... మూడూ..." అని ఆ గొంతు మిర్చి యార్డు చివరిదాకా వినపడేది. నాకు వాడంటే ఇష్టం. ఇనుముకు ఇష్టమేమిటని మీరు నవ్వుకోవచ్చు, నాకేం.

తర్వాత ఎర్ర అంకెలు వెలిగే కరెంటు కాటాలొచ్చాయి. కోటిలింగం గారు పోయారు. కొడుకు పానకాలరావు నన్ను యార్డు వెనక రేకుల షెడ్డులో ఉన్న కబడ్డీ క్లబ్బుకు దానం చేశాడు. ఆ దానానికి పాలరాతి పలక ఒకటి, దాని మీద నా కంటే బరువైన ఆయన పేరు. దానమిచ్చిన చేత్తోనే ప్రెసిడెంటు కూడా అయ్యాడు. క్లబ్బులో ఆడేది చాలామంది యార్డు హమాలీలే. నా ఇనుములో ఇంకిన మిర్చి ఘాటుకు, పలక ఎక్కిన ప్రతివాడూ తుమ్మేవాడు. మొదటివాడు ఎక్కితే మిగతావాళ్ళు "లాభం!" అని కేక పెట్టి నవ్వేవాళ్ళు. నాకూ రోజులు బాగానే గడిచాయి.

కబడ్డీలో మనిషి బరువుకు హద్దుంది. ఎనభై అయిదు కేజీలు దాటితే ఎంత మొనగాడైనా గీత బయటే. జట్టుకు పన్నెండు మందే. ఆ ఏడు రాష్ట్ర పోటీలకు పదముగ్గురు తేలారు. కోచ్ మస్తాన్ మాస్టారు, బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి, ఎవరిని ఉంచాలో ఎవరిని తీసెయ్యాలో తేల్చాలి. తేల్చేదేముంది? పదమూడోవాడు లోహిత్, పానకాలరావు తమ్ముడి కొడుకు. కూతకు వెళ్తే ఎవరినీ తాకకుండా గీత తొక్కి తిరిగొచ్చే రకం. కానీ ఆ మాట అనేదెవరు?

మాస్టారే అన్నాడు పాపం, నా పక్కనే నిలబడి. "యేసోబు లేకపోతే మనకి పట్టు లేదండీ. వాడికిదే ఆఖరు చాన్సు. ఈసారి ఆడితే స్పోర్ట్సు కోటాలో ఉద్యోగం వస్తది. వచ్చే ఏడు వయసు దాటిపోద్ది, ఇక జన్మంతా బస్తాలే."

పానకాలరావు నా కంబం మీద చెయ్యేసి నిమిరాడు. "కాదన్లా మాస్టారూ. కానీ బస్తాలో తరుగున్నట్టే జట్టులోనూ తరుగుంటది. తియ్యాల్సిందే. మనం చెడ్డవాళ్ళం ఎందుకవడం? వాడు బరువు మనిషే కదా, కాటాకి వదిలేద్దాం."

మాస్టారు మెడలో విజిల్ సరిచేసుకున్నాడు. క్లబ్బు షెడ్డు ప్రెసిడెంటుది, మాస్టారి జీతమూ ప్రెసిడెంటు ఇచ్చేదే. "మీ ఇష్టం" అన్నాడు.

తూకం రోజు రోళ్ళు పగిలే ఎండ. యేసోబు ముందురోజు నుంచీ ముద్ద ముట్టలేదు. పన్నెండు మంది ఎక్కి దిగారు, తుమ్మారు, నవ్వారు. చివర యేసోబు వచ్చాడు. చెప్పులు పక్కన విడిచి, పలక మీద నిలబడి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. వాడికది అలవాటు. కాటా ఎక్కితే ప్రార్థన చేసుకోకుండా కళ్ళు తెరవడు. గుండు ఎనభై అయిదు దగ్గరుంది. నా పట్టీ పడే ఉంది. సరిపోయాడురా నాయనా అనుకున్నాను. అప్పుడు నా పలక మూల మీద వెచ్చగా ఒక బొటనవేలు తగిలింది.

ఎన్నేళ్ళయినా ఆ వేలిని మరిచిపోతానా! తండ్రిదే అనుకున్నాను ఒక్క క్షణం. పట్టీ లేచింది.

"కేజీ ఎక్కువ" అన్నాడు పానకాలరావు, ఎంతో బాధగా.

యేసోబు కళ్ళు తెరిచాడు. వేలు అప్పటికే చెప్పులోకి వెళ్ళిపోయింది. హమాలీ కదా, కోటిలింగం గారి వేలి సంగతి వాడికి తెలియనిది కాదు. కళ్ళు తెరిచి నిలబడి ఉంటే మొదట చూసేది కాళ్ళకేసే. దేవుడి మీద అంత నమ్మకం లేకపోయినా బాగుండేది. చూసింది మస్తాన్ మాస్టారు ఒక్కడే. చూసి, విజిల్‌ను చొక్కాకు తుడవడం మొదలుపెట్టాడు.

"కేజీయే కదండీ" అన్నాడు యేసోబు. "దించేస్తా. మధ్యాన్నం దాకా టైమియ్యండి ప్రెసిడెంటు గారూ."

వీడు తల వంచుకుని వెళ్ళిపోతాడనే వాళ్ళు అనుకున్నారు. వాడు వెళ్ళలేదు. బస్తాల మీద కప్పే నల్ల పట్టా ఒంటికి చుట్టుకుని, తాడుతో కట్టుకుని, ఆ ఎండలో యార్డు చుట్టూ పరుగు మొదలుపెట్టాడు. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు తప్ప చుక్క మింగడం లేదు. తిరిగొచ్చి ఎక్కాడు. పాదాల తడికి నా పలక జారుతోంది. కళ్ళు మూసుకున్నాడు. వేలు వచ్చింది. పట్టీ లేచింది.

"ఇంకో కేజీ దిగాలి."

ఛీ, ఏం బతుకు నాది! నోరుంటే అరిచేదాన్ని. పానకాలరావు మొహంలో కూడా కాస్త భయం కనిపించింది, కానీ ఒకసారి నొక్కిన వేలు రెండోసారి నొక్కకపోతే మొదటిది అబద్ధమని తేలిపోదూ?

"చాల్లేరా యేసోబూ" అన్నాడు మాస్టారు. "ఉద్యోగం లేకపోతే మానె. ఇంటికి పో."

"ఇంతదాకా వచ్చి ఇంటికెట్టా పోను మాస్టారూ? సలోమికి మాటిచ్చా. ఇంకొక్క కేజీ." పెదాలు తెల్లగా పొక్కులెక్కాయి. నవ్వబోతే చిట్లాయి. మళ్ళీ పట్టా చుట్టుకున్నాడు.

మూడోసారి వాడు నడిచి రాలేదు. యార్డులో పడిపోతే నలుగురు హమాలీలు ఎత్తుకొచ్చారు. షెడ్డులోకి వచ్చి ఎక్కడ దించాలో తోచలేదు వాళ్ళకు. చేతులకు ఒకటే అలవాటు కదా, బరువు ఎత్తితే కాటా మీద దించడం. నా మీద పడుకోబెట్టారు. ఇంకొకడు, వాడి చెయ్యీ అంతే, తెలియకుండానే గుండు జరిపాడు. జరుపుతూనే పోయాడు, పట్టీ సమంగా నిలిచేదాకా. బస్తా తూకం చెప్పే రాగంలోనే కేక కూడా పెట్టేశాడు.

"ఎనభయ్యొకటీ..."

తన గొంతు తానే విని ఆగిపోయాడు. నలుగురూ పట్టీకేసి చూశారు. తర్వాత, ఒక్కొక్కరే, ప్రెసిడెంటు కాళ్ళకేసి చూశారు. మిర్చి యార్డు మనుషులు, వాళ్ళకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పానకాలరావు రెండు అడుగులు వెనక్కి వేసి, "చూస్తారేందిరా, ఎండదెబ్బ! ఆటో పిలవండి" అని అరిచాడు. పిలిచారు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, రేపు మళ్ళీ అదే కొట్టులో బస్తాలు మొయ్యాలి. తిలా పాపం తలా పిడికెడు.

ఆటో వెళ్ళిపోయింది. మాస్టారు ఒక్కడే నా పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు. ఆసుపత్రి గేటు దాటకుండానే పోయాడని ఫోను వచ్చింది. ఆ ఫోను ఇంకా చేతిలో ఉండగానే యేసోబు భార్య సలోమి వచ్చింది, కేరియర్ పట్టుకుని, కొంగుతో చెమట తుడుచుకుంటూ.

"తూకం అయ్యాకే తింటానన్నాడు మాస్టారూ, నిన్నటి నుంచీ ఏం తిన్లేదు. అయిందా తూకం?"

మాస్టారు తలెత్తలేదు. "అయిందమ్మా."

"ఎంతున్నాడు?"

"సరిపోయాడు" అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే.

"ప్రభువుకి స్తోత్రం!" అంది సలోమి. మొహమంతా వెలుగు. కేరియర్ నా పలక మీద పెట్టి, పక్కనే ఉన్న వాడి చెప్పులు చూసి, "ఏడీ మరి?" అంది.

ఇక నేను చెప్పలేను. చెప్పడానికి నా పట్టీ మీద అంకెలు లేవు.

లోహిత్ పోటీలకు వెళ్ళాడు, మొదటి ఆటలోనే జట్టు ఓడి తిరిగొచ్చింది. మాస్టారు క్లబ్బు మానేశాడు. ఆ తర్వాత నా పలక ఎక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు. తుప్పు పట్టాను. ఎలకలు నా కింద పిల్లలు పెట్టాయి. నిన్న పానకాలరావు తానే దగ్గరుండి నన్ను పాత ఇనుము కొట్టుకు తోలించాడు.

ఆ కొట్టువాడు నన్ను ఎత్తి తన కరెంటు కాటా మీద పడేశాడు. జన్మలో మొదటిసారి నన్ను తూచారు. వాడు అంకె చదివి, నా ఒంటి మీద గోరుతో గీకి, "తుప్పుకి కేజీ తరుగు తీస్తానండీ" అన్నాడు.

పానకాలరావుకు ఎక్కడలేని కోపం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"కేజీయా? కేజీ ఎట్టా తీస్తావయ్యా? మనిషన్నాక కాస్త న్యాయం ఉండొద్దూ!"